బాణం వేగం... కంపెనీ లెక్క!

*కాంపౌండ్ విల్లు ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనబడేది వేగం. సెకనుకు 340 అడుగులు, 350 అడుగులు అంటూ ఊరిస్తుంది. ఆ వేగం ఎవరి చేతిలో వచ్చింది? ఏ బాణంతో వచ్చింది? మన పిల్లల చేతికి వచ్చేసరికి అందులో మిగిలేదెంత?*

వేగం కొలిచే గదిలో విలుకాడు ఉండడు. ఓ ఉక్కు బల్ల, దానికి బిగించిన విల్లు, నారిని వెనక్కి లాగే మర... అంతే. మర తిప్పేకొద్దీ విల్లు లింబ్‌లు (పైనా కిందా ఉండే బద్దలు) వంగుతాయి. రెండు కొసల్లో ఉన్న కామ్ చక్రాలు నిదానంగా దొర్లుతాయి. నారి సరిగ్గా 30 అంగుళాల దగ్గర ఆగుతుంది. దానికి తగిలించిన బాణం బరువు 350 గ్రెయిన్లు, మన లెక్కలో 23 గ్రాములు కూడా లేదు. మీట నొక్కగానే ‘టప్‌’మని చప్పుడు. బాణం కంటికి ఆనదు. అది ఎదురుగా ఉన్న క్రోనోగ్రాఫ్ దాటి అవతలి దిమ్మెలో దిగబడిపోయాక తెరమీద ఓ అంకె వెలుగుతుంది. మళ్లీ లాగుతారు, మళ్లీ వదులుతారు, మళ్లీ రాసుకుంటారు. మరకు చెయ్యి వణకదు, ఊపిరి తడబడదు, భుజం నొప్పెట్టదు.

ఆ అంకే కొన్నాళ్లకు నిగనిగలాడే బ్రోషర్ మీదికి ఎక్కుతుంది. దాని పక్కన మాత్రం చిన్న అక్షరాల్లో ‘వరకు’ అని ఉంటుంది. ఈ కథంతా ఆ చిన్నమాట చుట్టూ తిరిగేదే.

ఇప్పుడెందుకీ లెక్కలు?

కాంపౌండ్ విల్లు ఇన్నాళ్లూ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అక్కడ చక్రాల్లేని రికర్వ్ విల్లుదే రాజ్యం. 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లో తొలిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నట్లు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ కబురుకు మనకన్నా ఎక్కువ సంబరపడాల్సిన వాళ్లు ఎవరుంటారు? విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు పట్టుకొచ్చింది. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో అండర్-21 ప్రపంచ విజేత అయింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ఆర్చరీ ప్రీమియర్ లీగ్‌కు మన రామ్‌చరణ్ ప్రచారకర్త. విల్లు పట్టిన హీరోను చూసి పిల్లలు ఊరుకుంటారా!

సెలవుల్లో అకాడమీల్లో చేర్చే అమ్మానాన్నలకు ఏడాది తిరిగేసరికి అసలు ఖర్చు ఎదురవుతుంది. పోటీలకు పనికొచ్చే కాంపౌండ్ విల్లు, సైట్, స్టెబిలైజర్, రిలీజ్, డజను బాణాలు అన్నీ కలిపితే లెక్క లక్షల్లోకి పోతుంది. మంచివి చాలావరకు విదేశాల నుంచే రావాలి. దగ్గర్లో పట్టుకుని చూసే దుకాణం అందరికీ ఉండదు. కాబట్టి కేటలాగ్ చూసే ఎంచుకుంటారు. కేటలాగ్‌లో వెంటనే పోల్చి చూసుకోగలిగేది ఒక్కటే, వేగం. 330 కన్నా 345 మేలనుకోవడానికి విలువిద్య రానక్కర్లేదు కదా.

జింక చెవికి పోటీగా పుట్టిన విల్లు

ఈ వేగం పిచ్చి విల్లుతో పాటే పుట్టింది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కు విల్లుతో జింకలను వేటాడటం అలవాటు. నారి చప్పుడు వినగానే జింక చటుక్కున వంగి తప్పుకునేది, బాణం పైనుంచి పోయేది. ఇంకాస్త వేగం ఉంటే తప్ప లాభం లేదనుకున్నాడు. రికర్వ్ విల్లు కొసలు కోసేసి, వాటికి కప్పీల్లాంటి చక్రాలు తగిలించి చూశాడు. 1966లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1969 డిసెంబరులో చేతికొచ్చింది. కాలిఫోర్నియాలో విల్లులు చేసే టామ్ జెన్నింగ్స్ దాన్ని పరీక్షించి, తయారీకి పూనుకున్నాడు. మొదట్లో ‘ఇదేం విల్లు, యంత్రం కదా’ అని ముఖం చిట్లించినవాళ్లూ తక్కువేం కాదు.

ఇందులో కిటుకు తేలిగ్గా చెప్పుకోవచ్చు. మామూలు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతుంది, పూర్తిగా లాగాక అన్నిటికన్నా ఎక్కువ బరువు చేతిమీద ఉంటుంది. కాంపౌండ్‌లో గుండ్రంగా కాకుండా వంకర తిరిగిన కామ్‌లు ఉంటాయి. మధ్యలో పూర్తి బరువు మోపి, చివరికి వచ్చేసరికి అవే చాలా భాగం మోస్తాయి. 70 పౌండ్ల విల్లు, అంటే దాదాపు 32 కిలోలు లాగినవాడు చివర్లో పట్టి ఉంచాల్సింది 14 పౌండ్లు, ఆరు కిలోల చిల్లర మాత్రమే. తీరిగ్గా గురి చూసుకోవచ్చు. వదిలాక బాణానికి మాత్రం మధ్యలో పోగేసిన శక్తంతా అందుతుంది.

ఇంతా చేసి అలెన్ జింకను గెలిచాడా అంటే, లేదనే చెప్పాలి. ధ్వని సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. 30 గజాల దూరంలో ఉన్న జింకకు నారి చప్పుడు సెకనులో పన్నెండో వంతులో చేరిపోతుంది. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణానికి సెకనులో మూడో వంతు పడుతుంది. వేగాన్ని 340కి పెంచితే సెకనులో నాలుగో వంతు. జింకకు అప్పటికీ బెదిరి వంగేంత వ్యవధి ఉంటుంది. అందుకే అమెరికా వేటగాళ్లలో చాలామంది ఈమధ్య బరువైన బాణాలవైపు, చప్పుడు చేయని విల్లులవైపు మళ్లారు. (మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. ఇక్కడ ఈ విల్లు పోటీల కోసమే.)

భద్రత కోసం గీసిన గీత

మొదట్లో తయారీదారుల సంఘం ఏఎంఓకు ఒక కొలత ఉండేది. 60 పౌండ్ల విల్లు, 30 అంగుళాల లాగుడు, 540 గ్రెయిన్ల బాణం. విల్లు లాగే బరువులో పౌండుకు తొమ్మిది గ్రెయిన్లన్నమాట. వేటగాడు నిజంగా వాడే బాణానికి ఇది దగ్గరగా ఉండేది. వచ్చే వేగం మాత్రం చూడ్డానికి అంత గొప్పగా ఉండేది కాదు.

1984లో అమెరికాలో ఐబీఓ అనే విల్లు వేటగాళ్ల సంఘం పుట్టింది. అది త్రీడీ పోటీలు పెడుతుంది. అడవిలో అక్కడక్కడా నురగతో చేసిన జంతు బొమ్మలు నిలబెడతారు. ఎంత దూరంలో ఉన్నాయో చెప్పరు, కంటితో అంచనా వేసుకుని కొట్టాలి. అలాంటిచోట వేగమే దిక్కు. బాణం ఎంత వేగంగా పోతే అంత తక్కువ కిందికి జారుతుంది, దూరం అంచనాలో రెండు గజాలు తేడా వచ్చినా బాణం మరీ గురి తప్పదు. దాంతో పోటీదారులు రోజురోజుకీ తేలిక బాణాలు ఎక్కుపెట్టడం మొదలెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు. బాణం మరీ తేలికైతే విల్లులో ఉన్న శక్తినంతా అది మోసుకుపోలేదు. మిగిలింది లింబ్‌లనూ కామ్‌లనూ నారినీ బాదుతుంది. బాణం లేకుండా ఉత్త నారి వదిలితే విల్లు పగిలి మొహాన తగలొచ్చు. మరీ తేలిక బాణం దానికి ఒకటి రెండు అడుగుల దూరంలో ఉన్నట్టే. అందుకని పౌండుకు ఐదు గ్రెయిన్లకు తగ్గకూడదని సంఘం గీత గీసింది. 70 పౌండ్లకు 350 గ్రెయిన్లు. విల్లుల వారంటీ కాగితాల్లో కూడా ఇంతకన్నా తేలిక బాణం వేస్తే మాకు సంబంధం లేదని రాసి ఉంటుంది.

ఇది ‘ఇంతకు కిందికి దిగొద్దు’ అని చెప్పే గీత. ప్రకటనలవాళ్లు దాన్నే పట్టుకున్నారు. ఒకే విల్లు పాత కొలతలో 240 దగ్గర తచ్చాడితే, ఈ కొలతలో 300 దాటి దూకుతుంది. ఒక కంపెనీ పెద్ద అంకె వేస్తే పక్క కంపెనీ చిన్న అంకె వేసుకుని కూర్చుంటుందా? అలా ప్రమాదపు అంచు కాస్తా అమ్మకపు కొలత అయి కూర్చుంది. ఏఎంఓ వారసురాలు ఏటీఏ కూడా ఇప్పుడు 70 పౌండ్లు, 30 అంగుళాలు, 350 గ్రెయిన్లే ప్రమాణం అంటోంది. నా మటుకు ఇందులో అబద్ధం ఏమీ కనబడదు. కొలత నిజమే, అంకె నిజమే. కాకపోతే బండి కొనేటప్పుడు షోరూమ్‌లో చెప్పే మైలేజీ ఎలాంటి నిజమో ఇదీ అలాంటి నిజమే. ఆ మైలేజీ మన ఊరి రోడ్డుమీద, వెనక సీట్లో మనిషితో రాదని మనందరికీ తెలుసు. విల్లు విషయంలో ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

---
■ కొలత పెట్టెలో ఏముంది?

ఎఫ్‌పీఎస్: సెకనుకు ఎన్ని అడుగులు అన్న లెక్క. 340 ఎఫ్‌పీఎస్ అంటే గంటకు సుమారు 373 కిలోమీటర్లు.

గ్రెయిన్: బాణం బరువుకు వాడే పాత కొలత. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు.

క్రోనోగ్రాఫ్: ముందొకటి, వెనకొకటి కాంతిని పసిగట్టే కళ్లుంటాయి. బాణం నీడ రెండింటినీ దాటడానికి పట్టిన కాలాన్ని బట్టి వేగం కడుతుంది. కళ్ల మధ్య అడుగు దూరం ఉంటే, 300 ఎఫ్‌పీఎస్ బాణం సెకనులో మూడువందో వంతులో దాటేస్తుంది. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటే కొన్ని యంత్రాలు తికమకపడతాయి. ఇప్పుడు రాడార్‌తో కొలిచేవీ వచ్చాయి.

ఎక్కడి వేగం? విల్లు దాటిన వెంటనే ఉన్నది. దూరం పోయేకొద్దీ గాలి దాన్ని తినేస్తూ ఉంటుంది.

---

ఆ 30 అంగుళాల చెయ్యి ఎవరిది?

ఆర్చరీ కోచ్‌లు కొత్త పిల్లలకు లాగుడు పొడవు తేల్చడానికి ఓ తేలిక లెక్క వాడతారు. రెండు చేతులూ బార్లా చాపించి, ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి, దాన్ని రెండున్నరతో భాగిస్తారు. ఆ లెక్కను తిరగేయండి. 30 అంగుళాల లాగుడు కావాలంటే చాచిన చేతుల పొడవు 75 అంగుళాలు ఉండాలి. చాలామందికి బార పొడవు, ఎత్తు ఇంచుమించు ఒకటే. అంటే ఆ ప్రకటన ఆరడుగుల మూడంగుళాల మనిషిని ఉద్దేశించి రాసింది. అదీ 70 పౌండ్లు లాగగలిగే భుజాలున్న మనిషిని.

మన ఇళ్లలో అయిదడుగుల మూడంగుళాల అమ్మాయిని తీసుకుందాం. ఆమె లాగుడు 25 అంగుళాలు. లాగే బరువు 50 పౌండ్లనుకుందాం. నారికి అమర్చే పీప్ సైట్, డి-లూప్ లేకుండా ఎవరూ గురిపెట్టరు, అవి నారికి బరువు. ప్రకటనలో 340 అని ఉన్న విల్లు ఈమె చేతిలో ఏమవుతుంది? అంగుళానికి పది చొప్పున ఐదు అంగుళాలకు 50 పోతాయి. పౌండుకు రెండు చొప్పున 20 పౌండ్లకు 40. నారిమీది సామానుకు ఓ ఐదు. బాణం అదే 350 గ్రెయిన్లదైనా సరే, మిగిలేది 245. దాదాపు నూరు అడుగులు ఎగిరిపోయాయి! ఇది చేతివేళ్ల లెక్కే, విల్లును బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. ఎటు చూసినా 340 దరిదాపుల్లోకి మాత్రం రాదు.

ఇంకో విచిత్రం చూడండి. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య నిబంధనల ప్రకారం కాంపౌండ్ పోటీల్లో విల్లు లాగే బరువు 60 పౌండ్లు దాటకూడదు. ప్రకటనలో కొలిచింది 70 పౌండ్ల మీద. సురేఖ అయినా, ఇంకెవరైనా, అంతర్జాతీయ పోటీలో ఆ అంకె పుట్టిన బరువుతో బరిలోకి దిగడానికే వీల్లేదు. వేటగాడికేమో బాణం మరీ తేలిక, పోటీదారుకేమో విల్లు మరీ బరువు. మరి ఆ వేగంతో బాణం వేసేదెవరు?

ఆ కొలతల్లో అసలు ఇమడనివాళ్లూ ఉన్నారు. జమ్మూకశ్మీర్ అమ్మాయి శీతల్ దేవికి చేతులు లేవు. కుర్చీలో కూర్చుని కుడికాలితో విల్లు పట్టి, భుజానికి తగిలించుకున్న పరికరంతో నారి లాగి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కంచు పతకం కొట్టింది. బార కొలిచి రెండున్నరతో భాగించే లెక్కలో ఆమెకు చోటే లేదు. ఆమె ఆడేదీ కాంపౌండే.

వేగానికి బదులుగా ఏమిస్తాం?

వేగం ఊరికే రాదు. నారికీ విల్లు పిడికీ మధ్య ఉండే దూరాన్ని తగ్గిస్తే, నారి బాణాన్ని ఇంకాస్త ఎక్కువసేపు తోస్తుంది, వేగం పెరుగుతుంది. అదే సమయంలో బాణం విల్లును వదిలేలోపు పిడి పట్టిన చెయ్యి ఏమాత్రం మెలి తిరిగినా ఆ తప్పును బాణం తనతో మోసుకుపోతుంది. ఆ దూరం ఆరు అంగుళాలున్న విల్లు ఏడు అంగుళాలున్న విల్లంత క్షమించదు. కామ్‌ల వంపు కఠినంగా చేసినా వేగం పెరుగుతుంది. అప్పుడు లాగడం మొదలెట్టగానే పూర్తి బరువు మీదపడుతుంది, చివర్లో లోయలోకి జారినట్టు ఒక్కసారిగా తేలికైపోతుంది. అక్కడ కొంచెం ఏమరిస్తే నారి ముందుకు గుంజుకుపోతుంది. రోజుకు వందలకొద్దీ బాణాలు వేసి సాధన చేసే పదిహేనేళ్ల పిల్ల భుజానికి ఈ తేడా సాయంత్రానికల్లా తెలిసొస్తుంది.

అందుకే కంపెనీలు గురి పోటీల కోసం చేసే పొడవాటి విల్లుల మీద వాళ్లే తక్కువ వేగం వేస్తారు. అదే కంపెనీ వేట విల్లుకు ఎక్కువ వేస్తుంది. కేటలాగ్‌లో రెండూ పక్కపక్కనే ఉంటే, తెలియనివాళ్ల కన్ను వేటదాని మీద పడుతుంది.

పది గీత లోపల

కాంపౌండ్ పోటీల్లో లక్ష్యం 50 మీటర్ల దూరంలో, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. త్రీడీ పోటీల్లోలాగా దూరం ఊహించే పని లేదు. బాణం ఎంత జారుతుందో సైట్‌లో ముందే సరిచూసుకుంటారు. 280 ఎఫ్‌పీఎస్ బాణం ఆ దూరంలో రమారమి 170 సెంటీమీటర్లు జారుతుంది. 300 అయితే 147. జారితే జారనివ్వండి, ప్రతిసారీ ఒకేలా జారితే చాలు. వేగం ఉంటే గాలికి చిక్కే సమయం కొంత తగ్గుతుందన్నది నిజమే, దాన్ని కాదనలేం.

అసలు ప్రాణం మీదికి వచ్చేది వేగంలో తేడా. 280 దగ్గర ఒక్క ఎఫ్‌పీఎస్ మారితే 50 మీటర్ల దగ్గర బాణం సుమారు 1.2 సెంటీమీటర్లు పైకో కిందికో పోతుంది. పది పాయింట్ల వలయం అడ్డం కొలత 8 సెంటీమీటర్లు, నడిమి నుంచి అంచుకు నాలుగే. అంటే ఒక బాణానికీ ఇంకో బాణానికీ మూడు నాలుగు ఎఫ్‌పీఎస్ తేడా వచ్చిందంటే, గురి తప్పకున్నా బాణం పది గీత అంచుమీద ఊగిసలాడుతుంది. డజను బాణాలూ ఒకే బరువుండటం, రెండు కామ్‌లూ ఒకేసారి తిరగడం, నారి సాగిపోకుండా చూసుకోవడం, ప్రతిసారీ నారి ఇక కదలని చోటి వరకూ లాగడం... వీటి గురించి ఏ ప్రకటనా పెద్ద అక్షరాల్లో రాయదు. రాసినా అంకెలా తళుక్కుమనదు మరి.

2025 అక్టోబరులో నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌లో కంచు పతకం కోసం సురేఖ బ్రిటన్ క్రీడాకారిణి ఎల్లా గిబ్సన్‌తో తలపడింది. 15 బాణాలు వేసింది. పదిహేనూ పదులే. 150-145. కాంపౌండ్‌లో ఆ టోర్నీలో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ పదిహేను బాణాల వేగం ఎంతో స్కోరు కాగితంలో ఎక్కడా ఉండదు, అడిగే గడి కూడా లేదు.

కొనేముందు...

ఈమధ్య అమెరికాలోనే గాలి మారుతోంది. కొత్త విల్లుల ప్రకటనల్లో చప్పుడు తక్కువ, అదురు తక్కువ అన్న మాటలు వేగంతో పోటీ పడుతున్నాయి. అక్కడి వేట పత్రికలు కంపెనీ అంకెను పక్కనపెట్టి తమ దగ్గరున్న యంత్రాలతో, మామూలు మనుషులు వాడే బాణాలతో కొలిచి వేస్తున్నాయి. మన అకాడమీల్లో కూడా ఒక్కో క్రోనోగ్రాఫ్ ఉంటే బాగుంటుంది. విల్లు ఖరీదుతో పోలిస్తే మామూలు క్రోనోగ్రాఫ్ ఖరీదు ఏపాటిది? నారి అరిగిందా, కామ్‌లు లయ తప్పాయా అన్నది కూడా అది పట్టిస్తుంది.

అమ్మానాన్నలకో మాట. కేటలాగ్ తెరిచేముందు పిల్లల బార కొలిపించండి. ఆ లాగుడుకు కామ్ సరిపోతుందా, ఎదిగేకొద్దీ మార్చుకునే వీలుందా, 60 పౌండ్లకు లోపు ఎంతవరకు దించుకోవచ్చు అన్నవి ముందు అడగండి. వేగం తెలుసుకోవాలని ఉంటే పిల్లల చేతికి విల్లిచ్చి, వాళ్లు లాగే బరువుతో, వాళ్లు పోటీల్లో వాడబోయే బాణంతో క్రోనోగ్రాఫ్ ముందు పది సార్లు వేయించండి. పదింటిలో పెద్ద అంకెకూ చిన్న అంకెకూ మధ్య తేడా ఎంతుందో రాసుకోండి. ఆ సౌకర్యం లేని చోట కొంటుంటే, బ్రోషర్ మీద 340 అని ఉన్నా 350 అని ఉన్నా ఆ ఒక్క అంకె కోసం పైసా ఎక్కువ పెట్టకండి.